మా ఆయన చెవి, నా గొంతు

మా ఇంట్లో టీవీ పెట్టిన పుణ్యానికి మా వీధిలో సగం మంది కేబుల్ కనెక్షన్లు తీయించేసుకున్నారు. ఎందుకూ దండగ? ఎవరి అరుగు మీద వాళ్ళు కూర్చుని మా సీరియల్ వింటే సరిపోయేది. మేం రెండు రోజులు ఊరెళ్ళి వస్తే ఎదురింటి పిన్నిగారు, "ఏం విజయా, చెప్పాపెట్టకుండా పోతే ఎట్టా? అత్తగారు విషం తాగిందో లేదో తెలీక ఛస్తన్నాం ఇక్కడ" అని నిష్ఠూరమాడేది.

ఇలా మొదలుపెడితే నవ్వుతారని తెలుసు. నవ్వండి. నేనూ నవ్వాను. నవ్వుతూ నవ్వుతూనే చాలా కాలం పోగొట్టుకున్నాను. మీ ఇంట్లో టీవీ కూడా అలా అరుస్తుంటే, నాకంటే కాస్త ముందు మేలుకుంటారని ఇది రాస్తున్నాను. ఇంకో కారణం కూడా ఉంది. ఈ మధ్య మా ఇంట్లో మాట్లాడటం కంటే రాసుకోవడం తేలిగ్గా ఉంటోంది.

మా ఆయన పేరు కోటేశ్వరరావు. గుంటూరు మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్టులో గుమాస్తా. రైతులు తెచ్చిన సరుక్కి కొనేవాళ్ళతో బేరం చేసి ధర తెంచడం ఆయన పని. నేను ఊరి బయట ప్రైమరీ స్కూల్లో టీచర్ని. నేను పుట్టింది వినుకొండ పక్కన. మా వైపు చెవిలో చెప్పిన రహస్యం కొండెక్కి దిగి మళ్ళీ మన ఇంటికే వస్తుంది. దానికి తోడు ఏళ్ళ తరబడి ఒకటో తరగతి. నేను "కూర్చోండి" అన్నానంటే మా పిల్లలే కాదు, రోడ్డు మీద పోయే గేదెలు కూడా కూలబడతాయి. ఇలాంటి గొంతున్న ఆడదాని మొగుడికి వినికిడి తగ్గుతుంటే కనిపెట్టడం ఎవరి తరం? అసలు జబ్బు దాక్కోవడానికి మా ఇంటిని మించిన చోటు లేదు.

డిసెంబరు

అది జ్వరంలాగానో దగ్గులాగానో రాలేదు. మంచితనంలాగా వచ్చింది. మా ఆయన నేనన్న ప్రతిదానికీ ఒప్పుకోవడం మొదలుపెట్టారు.

వంకాయ వండనా? ఊఁ. మా తమ్ముణ్ణి నాలుగు రోజులు ఉండిపొమ్మననా? ఊఁ. మంగళగిరి చీరొకటి చూసొచ్చానండీ... ఊఁ. పెళ్ళయిన ఇన్నేళ్ళకి ఈ మనిషికి బుద్ధి వచ్చిందని సంబరపడి కోటప్పకొండ వెళ్ళి కొబ్బరికాయలు కొట్టి వచ్చాను. ఆ దేవుడు పైనుంచి చూసి ఎంత నవ్వుకున్నాడో!

తర్వాత వంటింటి దాకా వచ్చింది. "మూడు కూతలకి కట్టెయ్యండి" అని కుక్కర్ ఎదురుగా ఆయన్ని కూర్చోబెట్టి నేను స్నానానికి వెళ్ళాను. వచ్చేసరికి కుక్కర్ కూసి కూసి సొమ్మసిల్లింది. మాడిన పప్పుని గీకడానికి పలుగూ పారా తెద్దామనుకున్నాను. ఆయన మాత్రం కుక్కర్‌కి జానెడు దూరంలో పేపర్ చదువుకుంటున్నారు. "కుయ్యలేదే?" అన్నారు, నిజాయితీగా.

పెళ్ళిళ్ళలో ఇంకో తమాషా. పదిమంది చేరి ఏదో అనుకుని నవ్వుతారా, అందరి నవ్వూ అయిపోయాక, ఆఖరి బంతిలో ఆదరాబాదరా వచ్చి కూర్చున్న చుట్టంలా, మా ఆయన నవ్వొకటి వచ్చేది. నేను దాన్ని ఇంట్లో అనుకరించి చూపించి ఆయన్నే నవ్వించేదాన్ని. ఆయనా నవ్వేవారు. అప్పుడు కూడా కొంచెం ఆలస్యంగానే.

మా అమ్మాయి శిరీష ఒంగోల్లో ఉంటుంది. ఒకరోజు ఫోన్ చేసి, "అమ్మా, నాన్నకి నా మీద కోపమా?" అంది.

"కోపమా? ఆయనకి కోపమొస్తే యార్డులో రేట్లు పడిపోతాయే. దాగుద్దా?"

"నవ్వులాట కాదమ్మా. నేను ఫోన్ చేస్తే చాలు, 'ఇదిగో, అమ్మకిస్తున్నా' అంటారు. రెండో మాట లేదు. నాన్న నాతో మాట్లాడి ఎన్నాళ్ళయిందో తెలుసా? నేనేం తప్పు చేశానమ్మా?"

నాకు నోట మాట రాలేదు. అది మా వంశంలో చాలా అరుదు.

ఆ వచ్చిన ఆదివారం, ఆయన వసారాలో పేపర్ చదువుతుంటే వెనకాల వెళ్ళి నిలబడ్డాను. స్కూలు గొంతు కాదు, మామూలు ఆడవాళ్ళు మాట్లాడే గొంతు కావాలి. అది నాలో ఎక్కడుందో వెతుక్కోవాల్సి వచ్చింది.

"ఏవండీ" అన్నాను. పేపర్ కదల్లేదు.

"మీ అక్కయ్య గారు పెట్టే గోంగూర పచ్చడి కంటే గేదెలకి పెట్టే కుడితి నయమండీ" అన్నాను. కదల్లేదు.

నాకు ధైర్యం వచ్చేసింది. పెళ్ళినాటి నుంచీ నోట్లో నానబెట్టుకున్న వాటన్నిటినీ ఒక్కొక్కటే బయటికి తీశాను. వాళ్ళమ్మగారి మడి, వాళ్ళ మేనమామ గారింటి పెళ్ళిలో మమ్మల్ని కూర్చోబెట్టిన చోటు, ఈయన గురకకి ఉలిక్కిపడి లేచిన కుక్కలు... ఇంత స్వేచ్ఛ ఈ దేశంలో మరే ఇల్లాలికీ దక్కి ఉండదు. నవ్వు ఆపుకోలేక కొంగు నోట్లో కుక్కుకున్నాను. ఆఖర్న, కాస్త ఊపిరి తీసుకుని, "ఏవండీ, మీకు నా మాట వినపట్టం లేదు కదూ?" అన్నాను.

ఆయన పేజీ తిప్పారు.

కొంగు ఇంకా నోట్లోనే ఉంది. నవ్వు మాత్రం లేదు.

జనవరి

ఈ మాట మొగుడికి ఎలా చెప్పాలి? బీపీ వస్తే మనవాళ్ళు బీపీ ఉందని దర్జాగా చెప్పుకుంటారు. షుగరైతే పెళ్ళిళ్ళలో పక్కవాడి షుగర్‌తో పందెం కడతారు. కళ్ళజోడు పెడితే చదువుకున్నవాడంటారు. చెవి దగ్గరికొచ్చేసరికి ఎవరికీ జాలుండదు. చెవిటి మేళం, చెవిటివాడి ముందు శంఖం... మన సామెతల్లో చెవిటివాడికి దక్కినవన్నీ నవ్వడానికి పుట్టినవే.

నేను ఎంచుకున్న ముహూర్తం చూడండి. ఆయన ముందుగదిలో అన్నం తింటున్నారు. నేను వంటింట్లో అటు తిరిగి అట్లు పోస్తున్నాను. మొహం చూస్తూ చెప్పే ధైర్యం లేక, అట్టుకే చెప్తున్నట్టు, "ఒకసారి చెవి డాక్టర్ దగ్గరికి వెళ్దామండీ" అన్నాను.

"ఊఁ" అన్నారు.

"మీకు వినికిడి తగ్గిందేమోనని నా అనుమానం."

"ఊఁ."

వినపడని మనిషికి వినపట్టం లేదని వీపు పెట్టి చెప్పిన మహా ఇల్లాలిని నేను. ఒళ్ళు మండిపోయింది. అట్లకాడతో సహా ముందుగదిలోకి వచ్చి, ఒకటో తరగతి గొంతుతో, "మీకు చెవుడొచ్చిందండీ!" అని అరిచాను.

కిటికీలు తెరిచే ఉన్నాయి. ఎదురింటి పిన్నిగారు తలుపు తీసుకుని బయటికి వచ్చింది. ఆ పక్కింట్లో మిక్సీ ఆగింది. వీధి చివర చెప్పులు కుట్టుకునే మనిషి కూడా చెవి తడుముకునే ఉంటాడు. మా ఆయన జబ్బు ఆయనకంటే ముందు ఊరికి చెప్పాను.

ఆయన కలిపిన ముద్ద పళ్ళెంలోనే వదిలేసి, ఆ పళ్ళెంలోనే చెయ్యి కడిగేశారు. మా పెళ్ళయ్యాక ఆయన అన్నంలో నీళ్ళు పోయడం అదే మొదలు.

"నాకా? చెవుడా? రోజూ యార్డులో బేరాలు తెంచేవోణ్ణి. చెవిటోడికి యార్డులో అన్నం పుడద్దా? పోయి మా కొట్టు సాంబయ్య గారినడుగు, ఇన్ని సీజన్లలో ఒక్క బేరమన్నా తేడా కొట్టిందేమో! నువ్వే ఈ మధ్య నోట్లో నోట్లో గొణుగుతున్నావు."

నేను! గొణుగుతున్నాను! పిడుగుని పట్టుకుని గుసగుసలాడిందన్నట్టు!

కానీ ఆయనన్న యార్డు మాట ఆలోచించాను. నిజమే కదా. యార్డంటే ఎలా ఉంటుంది? లారీలు, హమాలీలు, అరుపులు, తిట్లు. అక్కడ నెగ్గుకొచ్చే మనిషికి నా "ఏవండీ" వినపడకపోవడమేమిటి? వినడం ఇష్టం లేదేమో. ఆ ఆలోచన రాగానే నాకు చెవుడే నయమనిపించింది. జబ్బయితే మందుంటుంది. విసుగైతే ఏముంటుంది?

మర్నాటి నుంచి వైద్యులు బయల్దేరారు. పిన్నిగారు వెల్లుల్లి వేసి కాచిన నువ్వులనూనె గిన్నెతో వచ్చింది. ఇంకొకావిడ తులసి రసం. ఇంకొకాయన, చెవిలో పురుగు దూరి ఉంటుందని, టార్చిలైటుతో. పాపం, అందరూ మంచివాళ్ళే. కానీ వాళ్ళంతా ఆయనతో మాట్లాడేటప్పుడు చేతులు ఊపుతూ, పెదాలు సాగదీస్తూ, చంటిపిల్లాడికి చెప్పినట్టు చెప్పేవారు. ఆయన వసారాలో కూర్చోవడం మానేశారు. తర్వాత నాతోనూ పెద్దగా మాట్లాడలేదు. నేనూ పంతానికి మాటలు మానేశాను. విచిత్రమేమిటంటే, నేను మాట్లాడటం లేదన్న సంగతి ఆయనకి తెలిసినట్టే లేదు.

ఒక ఇంట్లో ఇద్దరు మనుషులు అలా బతకొచ్చని నాకు తెలీదు. ఎవరికి చెప్పుకోను? నాకు అన్నీ చెప్పుకునే మనిషి ఆయనొక్కరే.

ఫిబ్రవరి

ఫిబ్రవరిలో గుంటూరు ఊరే ఒక పెద్ద తుమ్ము. కల్లాల్లోంచి కాయంతా యార్డు మీద పడుతుంది. మా వీధిలో పసిపిల్లలు అమ్మా అనడం కంటే ముందు దగ్గడం నేర్చుకుంటారు.

ఒకరోజు ఆయన క్యారేజీ మర్చిపోయి వెళ్ళారు. నాకు స్కూలు సెలవు. మాటలు లేకపోతే మాత్రం మనిషి పస్తుండాలా అని పట్టుకుని బయల్దేరాను. ఇన్నేళ్ళూ యార్డుకి కూతవేటు దూరంలో కాపురం చేశాను గానీ కొట్టు దాకా ఎప్పుడూ వెళ్ళలేదు. లోపలికి అడుగు పెట్టగానే ముక్కు, కళ్ళు, గొంతు మూడూ కలిసి నా మీద తిరగబడ్డాయి. ఎటు చూసినా ఎర్ర గుట్టలు. కొండవీడు కొండకి కారం పూసి ముక్కలు చేసి పరిచినట్టుంది.

ఆయన కొట్టు ముందు నిలబడి ఉన్నారు. తెల్లచొక్కా వేసుకున్న కొనుగోలుదారు ఒకాయన వచ్చి, బస్తాలోంచి గుప్పెడు కాయ తీసి, విరిచి, వాసన చూసి చెయ్యి చాపాడు. మా ఆయన భుజం మీది తువ్వాలు తీసి ఇద్దరి చేతుల మీదా కప్పారు. పాతకాలపు పద్ధతది. కంప్యూటర్లు వచ్చాయి, రేట్లు తెరల మీద కనపడుతున్నాయి, అయినా కొన్ని కొట్ల ముందు అసలు బేరం ఇంకా తువ్వాలు కిందే. ఒకరి వేళ్ళు ఒకరు పట్టి నొక్కుతారు. ఏ వేలు ఎలా నొక్కితే ఎంతో ఆ ఇద్దరికే తెలుసు. పక్కనున్న మరో కొనేవాడికి తెలీకూడదు. మా ఆయన చేసే పని ఇదేనని నాకు తెలుసు. కళ్ళారా చూడటం మాత్రం అదే మొదలు.

ఆ మనిషి వేళ్ళు నొక్కాడు. మా ఆయన తల అడ్డంగా ఊపారు. మళ్ళీ నొక్కాడు. మా ఆయన ఆకాశంలోకి చూశారు. ఆ మనిషి చెయ్యి విదిలించుకోబోయాడు, ఈయన వదల్లేదు. తువ్వాలు కింద రెండు పాములు పెనుగులాడుతున్నట్టు గుడ్డ లేస్తోంది, పడుతోంది. మొహాలు మాత్రం ఇద్దరివీ ఫోటోకి కూర్చున్నట్టున్నాయి. చివరికి ఇద్దరూ తలాడించారు. తువ్వాలు తీసేశారు. బేరం అయిపోయింది.

నేను క్యారేజీ పట్టుకుని నిలబడిపోయాను. మొదట్నుంచి చివరిదాకా అక్కడ ఒక్క మాట పుట్టలేదు.

చెవిటివాడికి యార్డులో అన్నం పుడుతుందా? పుడుతుంది. అసలు ఇంత నిశ్చింతగా పుట్టే చోటు గుంటూరు జిల్లాలో ఇంకోటి లేదు.

అప్పుడు లోపల గద్దె మీద కూర్చున్న కొట్టు యజమాని సాంబయ్య గారికి ఈయనతో పనిపడింది. నోటితో పిలవలేదు. పక్కనున్న గుట్టలోంచి ఒక మిరపకాయ తీసి మా ఆయన వీపు మీదికి విసిరాడు. మా ఆయన వెనక్కి తిరిగి చూశారు. సాంబయ్య గారు సైగ చేశాడు. ఈయన తలూపి గోడౌన్ వైపు వెళ్ళిపోయారు. ఎవరూ నవ్వలేదు. ఎవరూ వింతగా చూడలేదు. రోజూ జరిగే పనిలా జరిగిపోయింది.

సాంబయ్య గారు నన్ను అప్పుడే చూశాడు. తడబడిపోయాడు.

"రండి టీచరు గారూ, రండి... ఎంతసేపయింది వచ్చి?"

"ఎందుకండీ ఆయన మీద కాయ విసిరారు?"

"అబ్బే... అదీ... పిలిస్తే పలకరు కదమ్మా. దగ్గరికెళ్ళి తట్టాలంటే నా మోకాళ్ళు కదలవు. రెండు మూడు సీజన్ల నుంచీ అంతేగా. మీకు తెలుసనుకున్నాం."

"అందరికీ తెలుసా?"

"హమాలీలక్కూడా తెలుసమ్మా. ఎవరూ పైకి అనరు. ఆయన వేళ్ళకి తిరుగులేదు. చెవుల్తో మనకేం పని?"

అంత మంచిమాట నా జీవితంలో ఎవరూ అని ఉండరు. అంత బాధపెట్టిన మాట కూడా. బస్తాలు మోసేవాళ్ళకి తెలుసు. నాకు తెలీదు. అక్కడే నిలబడి ఏడ్చాను. యార్డులో ఒక సౌకర్యం ఉంది, ఏడిస్తే ఎవరూ ఎందుకని అడగరు. సాంబయ్య గారు కూడా, "ఘాటు కదమ్మా, అలవాటు లేదు మీకు" అంటూ కుర్చీ వేయించి మజ్జిగ తెప్పించాడు. తెలిసే అలా అన్నాడని ఇప్పుడనిపిస్తుంది.

సాయంత్రం ఆయన ఇంటికొచ్చి కాఫీ తాగాక ఎదురుగా స్టూలు లాక్కుని కూర్చున్నాను. తువ్వాలు తీసి ఆయన చేతి మీద కప్పి, దాని కింద వేళ్ళు పట్టుకున్నాను.

"ఏంటే ఈ వేషాలు?" అన్నారు.

నాకొచ్చినట్టు రెండు వేళ్ళు నొక్కాను. అలవాటు మనిషిని ఊరుకోనిస్తుందా? ఆయన మొహం వెంటనే గంభీరమైపోయింది. "ఈ రేటుకి తాలుకాయ కూడా రాదు, పో" అన్నారు. అని, చాన్నాళ్ళకి నవ్వారు.

నేనూ నవ్వబోయాను. ఆ భాషలో ధరలు తప్ప ఇంకేమీ లేవని అప్పుడు తట్టింది. భయమేస్తోందని చెప్పడానికి ఏ వేలు నొక్కాలి? నాతో ఎందుకు చెప్పలేదని అడగడానికి ఏ వేలుంది? కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఇంట్లో మిరపకాయలు లేవు కాబట్టి ఆయన, "ఏమైందే?" అన్నారు.

మొహంలో మొహం పెట్టి, ఒక్కో మాటే చెప్పాను. "యార్డుకొచ్చాను. మీ వీపు మీద కాయ విసరడం చూశాను."

ఆయన చెయ్యి లాక్కోబోయారు. నేను వదల్లేదు. బేరం తెగేదాకా వదలకూడదని ఆయన దగ్గరే చూసి వచ్చాను కదా.

"తెలుసు" అన్నారు చివరికి.

"ఎప్పట్నుంచీ?"

"ముందు పిట్టలు పోయినయ్. ఎండలకి పోయాయేమో అనుకున్నా. తర్వాత ఫోన్లో శిరీష పోయింది. దానిది సన్న గొంతు కదా. మళ్ళీ చెప్పు, మళ్ళీ చెప్పు అంటే కనిపెట్టేస్తదని ఫోన్ నీకిచ్చేసేవోణ్ణి. నీదే కాస్త ఆగింది."

"నాకెందుకు చెప్పలేదండీ?"

ఆయన తువ్వాలు వంక చూస్తూ, "చెప్తే నిజమైపోద్ది కదే" అన్నారు.

మార్చి

చెవి డాక్టర్ గారి దగ్గర రోగులు కూర్చునే హాలంత అన్యాయమైన చోటు ప్రపంచంలో ఉండదు. హాలు నిండా వినపడనివాళ్ళు. కాంపౌండరు మాత్రం తలుపు సందులోంచి తల బయటపెట్టి, పక్కింట్లో నిద్రపోయే బిడ్డని లేపకూడదన్నట్టు పేర్లు పిలుస్తాడు. ఎవరూ లేవరు. "ఎవరండీ, లేరా?" అని విసుక్కుని ఇంకో పేరు పిలుస్తాడు. ఆ హాల్లో చెవులున్నది పెళ్ళాలకే. మేమంతా పరీక్ష ఫలితాలకి కూర్చున్నట్టు బిగుసుకుని కూర్చున్నాం. తెగించి నేనే లేచి, కాంపౌండర్ వెనకాల నిలబడి, ప్రతి పేరునీ నా గొంతుతో మళ్ళీ చదివాను. పిచ్చుకలన్నీ లేచినట్టు జనం లేచారు. ఆ పూట ఆ డాక్టర్ గారు నాకు జీతం ఇవ్వాల్సింది.

మా పక్కన దర్శి నుంచి వచ్చిన పెద్దాయన, ఆయన భార్య కూర్చున్నారు. ఆయన జేబులోంచి చేతిరుమాలు తీసి విప్పి, అందులోని చెవి మిషన్ని పెళ్ళికూతురి ఉంగరంలా మా ఆయనకి చూపించాడు.

"పెట్టుకోరా?" అని నేనడిగితే ఆవిడ నవ్వింది. "పెళ్ళిళ్ళకీ పేరంటాలకీ పెడతాడు తల్లీ. రోజూ పెట్టుకుంటే అరిగిపోద్దంట." తర్వాత నా వైపు వంగి, "అరవబాక. అరిస్తే నువ్వు తిడుతున్నట్టుంటది వాళ్ళకి. ముందు భుజం తట్టు, ఎదురుగా రా, అప్పుడు చెప్పు" అని, సంచిలోంచి రెండు వేరుశనగ ఉండలు తీసి నా చేతిలో పెట్టింది. పరీక్ష అయ్యేదాకా అవి నా గుప్పిట్లోనే ఉండి కరిగిపోయాయి.

ఆయన్ని అద్దాల గదిలో కూర్చోబెట్టి చెవులకి పెద్ద డిప్పలు తగిలించారు. శబ్దం వినపడినప్పుడల్లా చేతిలోని బటన్ నొక్కాలి. బయట ఒక అమ్మాయి కూర్చుని శబ్దాలు పంపిస్తోంది. మొదట ఆయన చకచకా నొక్కారు. నా గుండె కుదుటపడింది. తర్వాత కనిపెట్టాను. ఆయన శబ్దానికి నొక్కడం లేదు. ఆ అమ్మాయి మొహం చూసి నొక్కుతున్నారు. యార్డులో ఇన్నేళ్ళుగా చేసిన పనే అది. ఎదుటివాడి కనురెప్ప కదిలితే ధర చెప్పే మనిషి. ఆ అమ్మాయీ కనిపెట్టింది. ఏమీ అనకుండా తన కుర్చీని అటు తిప్పుకుని, ఆయనకి వీపు పెట్టి కూర్చుంది.

ఇక ఆయన చెయ్యి కదల్లేదు.

యంత్రం మీద దీపం వెలుగుతోంది, ఆరుతోంది. ఒక్కో దీపం ఒక్కో శబ్దమని నాకు అర్థమవుతూనే ఉంది. అద్దం వెనక ఆయన, ఎవరో పిలుస్తారని ఎదురుచూస్తున్నట్టు, బటన్ పట్టుకుని కూర్చున్నారు. కాపురంలో చాలా చూశాను. అంత ఒంటరిగా ఏ మనిషినీ చూడలేదు.

డాక్టర్ గారు కుర్రవాడే, నెమ్మదస్తుడు. నరం దెబ్బతిందన్నారు. పోయింది తిరిగి రాదన్నారు. ఇంకా తగ్గవచ్చన్నారు. చిన్నప్పుడు పెద్ద శబ్దాల మధ్య పనిచేశారా అని అడిగారు. మా ఆయన పెళ్ళికి ముందు పత్తి జిన్నింగ్ మిల్లులో చాలా ఏళ్ళు పనిచేశారు. పత్తి తిన్న చెవిని మిర్చి దాచిందన్నమాట. "మిషన్ పెడదాం. ఇంకా ముందే రావాల్సింది" అన్నారు డాక్టర్ గారు. ఆ ఆఖరి మాట మా ఆయనకి వినపళ్ళేదు. నాకు వినపడింది.

ఏప్రిల్

మిషన్ పెట్టించుకుని ఇంటికొచ్చిన రోజు ఒక పండగ. శిరీష ఫోన్ చేస్తే రెండు మాటలు మాట్లాడారు. అటు అది, ఇటు నేను ముక్కులు చీదుకున్నాం. తర్వాత ఇల్లంతా తిరుగుతూ ప్రతిదాన్నీ తప్పుపట్టారు. "ఈ ఫ్యానేంటే, ఎవరో పోయినట్టు ఏడుస్తోంది? నీ చెప్పులు ఇంత మోగుతాయా? ఈ సంచేంటి, అడివి తగలబడుతున్నట్టు!" ప్లాస్టిక్ సంచి చూసి అంత బెదిరిపోయిన మగవాణ్ణి నేనెక్కడా చూడలేదు.

నేను ఆ గోలంతా సద్దుమణిగేదాకా ఆగాను. తలదువ్వుకుని, మంగళగిరి చీర కట్టుకుని, కొత్త పెళ్ళికూతురిలా వచ్చి ఎదురుగా కూర్చున్నాను. అరవకుండా, నాకున్న ఆ ఒక్క మెత్తటి గొంతుతో, "ఏవండీ, వినపడుతున్నానా?" అన్నాను.

ఆయన నన్ను చూశారు. వెనక ఎవరైనా ఉన్నారా అన్నట్టు నా భుజం మీదుగా చూశారు.

"ఇంకోసారి అను."

"ఏవండీ."

"వినపడుతోంది" అన్నారు. మిషన్ని వేలితో సర్దుకుని, "కానీ ఇది నువ్వు కాదు విజయా" అన్నారు.

రేకు డబ్బాలోంచి ఎవరో మాట్లాడుతున్నట్టుందట. మాటలన్నీ తెలుస్తున్నాయట. గొంతు మాత్రం నాది కాదట. ఇన్నాళ్ళూ సగం మాటలు పెదాలు చూసి పట్టుకునేవారు. వాటికి పాత గొంతుని మనసులోనే అతికించుకునేవారు. అంటే నేను మాట్లాడినప్పుడల్లా ఆయన విన్నది ఎప్పటి నన్నో. నా గొంతే నాకు సవతి అయి కూర్చుంది. అది పడుచుది కూడా, పైపెచ్చు.

అప్పట్నుంచి ఒక అలవాటు చేసుకున్నారు. యార్డులో పెట్టుకుంటారు. శిరీషతో మాట్లాడేటప్పుడు పెట్టుకుంటారు. నా దగ్గరికొచ్చేసరికి తీసి టేబుల్ మీద పెడతారు. "నీతో దీనికేం పని?" అంటారు, ప్రేమగా. ఊరందరి మాటా వింటారు. నా మాట మాత్రం చూస్తారు.

ఇప్పుడు

డాక్టర్ గారు ఊరుకోలేదు. తీసి పక్కన పెడితే ఉన్న కాస్త వినికిడీ బద్ధకించి పడుకుంటుందని మందలించారు. అలవాటు పడాలంటే రోజూ ఎవరైనా ఎదురుగా కూర్చుని ఏదో ఒకటి చదివి వినిపించాలన్నారు. కాబట్టి పొద్దున్న కాఫీ అయ్యాక నేను పేపర్ చదువుతాను, ఆయన వింటారు. కాయ విరిచి తేమ చూసినట్టు, నా ఒక్కో మాటనీ విరిచి చూస్తారు. "ఇంకా రేకే" అంటారు.

నేను ఓడిపోయే రకం కాదు. నా పాత గొంతు ఒక్కసారి వినిపిస్తే పోలిక పట్టుకుంటారేమోనని శిరీష పెళ్ళి వీడియో వెతికి పెట్టాను. ఎన్ని గంటల వీడియో అనుకున్నారు! పెళ్ళికూతుర్ని చేసిన దగ్గర్నుంచి అప్పగింతల దాకా నేను మాట్లాడుతూనే ఉన్నాను. వియ్యపురాలితో, వంటవాళ్ళతో, పురోహితుడితో, చెట్టుతో, పుట్టతో. కానీ వీడియో తీసినవాడు మా మాటలన్నీ తీసేసి మొత్తం మీద సినిమా పాటలు అతికించాడు. ఒక్క ముక్క నా గొంతు లేదు. పాట వస్తోంది, నా నోరు ఆడుతోంది. ఎవరో ఒకావిడ పెద్దగా ఏదో చెప్తోంది, ఏమిటో తెలియడం లేదు. అలా చూస్తూ కూర్చున్నాను. ఆయనకి నేనిన్నాళ్ళూ ఎలా ఉన్నానో అప్పుడు నాకు తెలిసింది.

దొరికినా ఏం లాభంలెండి. దాన్నీ ఆ మిషన్లోంచే కదా వినాలి.

మొన్న చదువుతుంటే మధ్యలో చెయ్యెత్తి ఆపారు.

"విజయా, ఒక సంగతి. నీ పాత గొంతు ఈ మధ్య దాకా నా లోపలుండేది. నువ్వు స్కూలుకెళ్ళాక కూడా తల్చుకుంటే వచ్చేది. ఇప్పుడు తల్చుకుంటే ఈ రేకు గొంతే వస్తోంది. పాతది ఎట్టా ఉండేదో..."

ఆయన మొహంలో దొంగతనం జరిగిన ఇంట్లోవాళ్ళ మొహంలో ఉండే బిత్తరపాటు ఉంది. దేనికైనా ఒక ఎదురు మాట నా దగ్గర సిద్ధంగా ఉంటుంది. చావుకబురు చల్లగా చెప్పమన్నా ఇంత ఉప్పూ కారం వేసి చెప్పగలను. ఆ పూట మాత్రం వెతికితే ఏమీ దొరకలేదు. పోయినదాన్ని నేను తెచ్చివ్వలేను. వచ్చినదాన్ని నాదని నమ్మించలేను. మందలించబోతే ఆ మందలింపూ రేకులాగే వినపడుతుంది. ఓదార్చినా అంతే.

"నేనే కదండీ" అన్నాను.

"తెలుసే" అన్నారు. "చదువు. ఆపబాక."

ఎక్కడ ఆపానో వెతుక్కుని మళ్ళీ మొదలుపెట్టాను. కాసేపటికి తలెత్తి చూస్తే ఆయన కళ్ళు మూసుకుని ఉన్నారు. నిద్రపోతున్నారేమో అనుకున్నాను. కాదు, తల కాస్త ముందుకి వంచి వింటున్నారు. నా పెదాల సాయం లేకుండా, నా మొహం సాయం లేకుండా, ఆ తెలియని ఆడమనిషి చెప్పేది శ్రద్ధగా వింటున్నారు.

నేను చదువుతూనే ఉన్నాను.